'రా'లో చేరతామనే పిల్లలకు నా తలకిందుల సలహాలు

"సార్, 'రా' నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది?"

చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీదో, అశోక్ నగర్ టీ కొట్ల దగ్గరో ఈ ప్రశ్న నాకు ఏటా ఎదురవుతుంది. సివిల్స్‌కూ గ్రూప్స్‌కూ చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్తాను కాబట్టి, దేశం బయట నిఘా పెట్టే సంస్థ సంగతులు నాకు తెలిసే ఉంటాయని వాళ్ల నమ్మకం. నాకు తెలిసిందల్లా కమిటీ నివేదికల్లో, కోర్టు తీర్పుల్లో, రిటైరైన అధికారులు రాసుకున్న జ్ఞాపకాల్లో ఉన్నదే. అది తక్కువేం కాదు. ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను. చదివిన కొద్దీ సినిమాలూ చుట్టాలూ యూట్యూబ్ వీడియోలూ చెప్పే సలహాలకు సరిగ్గా ఎదురు సలహాలే నా నోట వస్తున్నాయి. విన్నవాళ్లు "ఇదేం సలహా సార్" అంటారు. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను.

పోయిన వానాకాలం ఒక అబ్బాయి ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని వచ్చాడు. నల్గొండ వైపు పల్లె. ఫోల్డర్‌లో పైన డిగ్రీ మెమోలు, వాటి కింద కరాటే బ్లాక్ బెల్టు సర్టిఫికెట్, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్, అట్టడుగున ఒక ఐడీ కార్డు జిరాక్సు. కార్డు మీద మూడు సింహాలు, నల్ల కళ్లద్దాల మనిషి ఫొటో, లావాటి అక్షరాల్లో సంస్థ పూర్తి పేరు. ఆ మనిషి తెల్ల కారులో వీళ్ల ఊరికి వచ్చి, అబ్బాయిని 'రా'లో పెట్టిస్తానని వాళ్ల నాన్న దగ్గర మూడు లక్షలు తీసుకున్నాడు. "ఇది దేశ రహస్యం, నీ బామ్మర్దికి కూడా చెప్పకు" అన్నాడు. ఆయన చెప్పలేదు. ఎనిమిది నెలలు భార్యకు కూడా చెప్పలేదు. వడ్డీ పెరిగిపోతుంటే పొలం గట్టు మీద ఒక్కడే కూర్చుని, దేశం కోసం నోరు కట్టుకుంటున్నాననుకున్నాడు.

అందుకే నా మొదటి సలహా ఇది: ఎవరైనా "రహస్యం" అని చెవిలో ఊదిన మరుక్షణం ఊరందరికీ చెప్పండి. బామ్మర్దికి చెప్పండి, సర్పంచికి చెప్పండి, పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రైటర్‌కు చెప్పండి. అసలు అధికారి కార్డు మీద ఆ సంస్థ పేరు లావుగా వేసుకుని పల్లెలు తిరగడు. విదేశాల్లో పనిచేసేవాడు రాయబార కార్యాలయంలో ఏదో ఒక హోదా చాటున ఉంటాడు, దాన్నే వాళ్లు 'కవర్' అంటారు. ఆ సంస్థలో తన ఉద్యోగం సంగతి దాచుకోవడమే అతని పని. మీ దగ్గర ఆ పేరు చెప్పి డబ్బు అడిగినవాడు ఆ పని చేసేవాడు కాదు.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. అది రాదు. 'రా' అంటే రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం చూశాక, దేశం లోపలి నిఘా, బయటి నిఘా రెండూ ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక్కటే మోయలేదని తేలింది. 1968 సెప్టెంబర్ 21న ఇందిరాగాంధీ ప్రభుత్వం బయటి పనిని విడదీసి, రామేశ్వర్ నాథ్ కావ్ చేతిలో పెట్టింది. మొదటి జట్టు దాదాపు 250 మంది, ఎక్కువమంది ఐబీ నుంచి వచ్చినవాళ్లే. ఆ తర్వాత పోలీసు, సైన్యం, రెవెన్యూ వంటి సర్వీసుల నుంచి డిప్యుటేషన్ మీద తీసుకోవడం, రీసెర్చ్ అండ్ అనాలిసిస్ సర్వీస్ అని సొంత కేడర్ పెట్టుకోవడం జరిగాయి. అధికారి స్థాయికి వెళ్లే దారి చాలావరకు యూపీఎస్సీ గుమ్మం మీదుగానే పోతుంది. మీరు దాన్ని వెతుక్కుంటూ వెళ్లలేరు, మీరు సర్వీసులోకి వచ్చాక అదే మిమ్మల్ని చూస్తుంది. కాబట్టి 'రా'కు ప్రిపేరవకండి. మంచి ప్రభుత్వోద్యోగి కావడానికి ప్రిపేరవండి.

ఆ అబ్బాయి కరాటే సర్టిఫికెట్ నా ముందు పెట్టి ఏదో అంటానని చూశాడు. కరాటే ఆపేయమన్నాను. ఒంటికి మంచిదే, చేసుకోవచ్చు, కానీ దీని కోసమైతే వద్దన్నాను. 1966లో కృష్ణ 'గూఢచారి 116' నుంచి 2018లో అడివి శేష్ 'గూఢచారి' దాకా మన తెరకు కొట్లాట కావాలి, అది సినిమా అవసరం. కావ్ జీవితంలో పేరు తెచ్చిన పని ఒకటి చూడండి. 1955 ఏప్రిల్ 11న హాంకాంగ్ నుంచి జకార్తాకు బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం 'కశ్మీర్ ప్రిన్సెస్' దక్షిణ చైనా సముద్రంలో కూలింది. బాండుంగ్ సమావేశానికి వెళ్తున్న వాళ్లు అందులో ఉన్నారు. చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఎక్కాల్సిన విమానం, ఆయన ఎక్కలేదు. 16 మంది చనిపోయారు, ముగ్గురు బతికారు. అప్పుడు ఐబీలో ఉన్న కావ్‌ను దర్యాప్తుకు పంపారు. ఒకవైపు చైనా, ఒకవైపు హాంకాంగ్‌ను ఏలుతున్న బ్రిటిష్ వాళ్లు, మధ్యలో మనం. ఒకరి మాట ఒకరు నమ్మరు. శకలాల్లో దొరికిన టైమ్ బాంబు ముక్కల నుంచి కూపీ లాగుతూ పోతే, విమానాశ్రయంలో విమానాలను శుభ్రం చేసే ఒక పనివాడి దగ్గర తేలింది. వాడు అప్పటికే తైవాన్‌కు పారిపోయాడు. ఈ కథలో కావ్ ఎవరినీ కొట్టలేదు. ఒకరినొకరు అనుమానించుకునే వాళ్ల మధ్య నెలల తరబడి మర్యాదగా కూర్చుని, అందరి చేతా మాట్లాడించాడు.

ఇప్పుడు మీకు బొత్తిగా నచ్చని సలహా. రహస్యాల వెంట పడకండి, బయట అందరికీ కనిపించేది చదవండి. దీనికి అమెరికా సి.ఐ.ఎ. పడ్డ దెబ్బకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఆ దెబ్బ కొట్టింది మనమే.

1995 డిసెంబర్‌లో మన పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా పోఖ్రాన్‌లో అణుపరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు వాటిని పట్టేశాయి. రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఆ ఫొటోను తీసుకెళ్లి ప్రధాని కార్యాలయంలోని పెద్ద అధికారికి చూపించాడు. పరీక్ష ఆగింది. అమెరికన్లు గెలిచామనుకున్నారు. కానీ ఆ ఒక్క ఫొటోతో, ఆకాశం నుంచి తమకు ఏది కనిపిస్తుందో, దేన్ని చూసి పసిగడతారో మనకు తామే నేర్పిపెట్టారు. మూడేళ్ల తర్వాత పోఖ్రాన్‌లో 58వ ఇంజినీర్ రెజిమెంట్ ఆ పాఠాన్ని అక్షరాలా పాటించింది. పని రాత్రుళ్లే. తెల్లారేసరికి ప్రతి యంత్రాన్నీ నిన్న సాయంత్రం ఉన్న చోటే, అదే తీరున నిలబెట్టేవాళ్లు. పైనుంచి చూసేవాడికి అది నెలలుగా కదలనట్టే ఉండాలి. తవ్విన ఇసుకను గాలి పోగేసిన దిబ్బలాగా తీర్చేవాళ్లు. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో తిరిగారు. అబ్దుల్ కలాం అక్కడ 'మేజర్ జనరల్ పృథ్వీరాజ్'. 1998 మే 11న భూమి కంపించాకే వాషింగ్టన్‌కు తెలిసింది.

ఇక్కడిదాకా అందరూ చెప్పుకునే కథే. నా విద్యార్థులకు నేను చెప్పేది దీని తర్వాతది. ఎందుకు కనిపెట్టలేకపోయామో తేల్చమని సి.ఐ.ఎ. అధిపతి జార్జ్ టెనెట్, రిటైరైన అడ్మిరల్ డేవిడ్ జెరమయాను నియమించాడు. ఆయన జూన్ మొదట్లోనే తేల్చాడు. ఉపగ్రహాల కంటే ముందు ఆలోచన తప్పింది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం అణ్వాయుధాల గురించి తన ఎన్నికల మేనిఫెస్టోలోనే రాసుకుంది. అచ్చువేసి దేశమంతా పంచింది. అయినా అమెరికా విశ్లేషకులు, ఎన్నికల మాటలు ఎన్నికల దాకానే, అధికారంలోకి వచ్చాక వీళ్లూ మనలాగే లెక్కలు వేసుకుంటారు అనుకున్నారు. వందల కోట్ల డాలర్ల ఉపగ్రహాలు చెప్పలేనిది, ఢిల్లీలో పార్టీ ఆఫీసుకు వెళ్లి అడిగితే చేతిలో పెట్టే కాగితంలో ఉంది. పరాయివాడు తన ఇష్టాన్ని బహిరంగంగా చెప్పినప్పుడు, ముందు దాన్ని అచ్చంగా ఉన్నదున్నట్టు తీసుకోవాలి. నమ్మాలా వద్దా అన్నది తర్వాత.

అందుకే నా క్లాసులో పొరుగు దేశాల పత్రికలు చదివిస్తాను. సంపాదకీయాలు మాత్రమే కాదు, పెళ్లిపందిరి ప్రకటనలు, ధాన్యం ధరలు, బదిలీల జాబితాలు. ఒక దేశపు సైన్యంలో ఎవరిని ఎక్కడికి మార్చారన్నది చాలాసార్లు పేపర్లోనే ఉంటుంది. చదివేవాడికి ఓపిక ఉండదు.

దాని కోసం భాష రావాలి. ఇంగ్లీషు యాస కోసం వేలు పోసి స్పోకెన్ క్లాసులకు వెళ్లే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. ఈ పనికి కావలసింది బర్మీస్, సింహళం, పష్తో, దారీ, టిబెటన్, చైనీస్. మన హైదరాబాద్ పిల్లలకు ఉర్దూ ఇంట్లోనే ఉంది, దాన్ని చదవను రాయను నేర్చుకునే ప్రయత్నమే చేయరు. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లు వేలకు వేలు. బర్మా వాళ్లు మనవాళ్లను ఆ రేవు పేరుతోనే పిలిచేవాళ్లు. ఆ కుటుంబాలు తిరిగి వచ్చాక ఒక తరంలోనే భాష పోయింది. విశాఖపట్నంలో ఆ కుటుంబాలకు చెందిన ఒక ముసలావిడ నాకు బర్మీస్‌లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి వినిపించింది, మనవరాలు పక్కనే ఫోన్ చూస్తూ కూర్చుంది. ఆ పిల్లకు వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకోమని చెప్పాను. ఏ కోచింగ్ సెంటర్‌కూ అంత విలువ లేదు.

నమ్మకస్థుడి మాటే ముందు అనుమానించండి. ఇది వినగానే పిల్లలు మొహం చిన్నబుచ్చుకుంటారు, ఎందుకంటే నమ్మకం గొప్ప గుణమని నేర్పి పెంచాం. మన దగ్గర ఈ పాఠం కొత్తది కాదు. 1905లో మైసూరులో శ్యామశాస్త్రి చేతికి తాళపత్రాల్లో దొరికిన అర్థశాస్త్రంలో కౌటిల్యుడు వేగులవాళ్లను రకాలుగా విభజించి చెప్తాడు: శిష్యుడి వేషం, సన్యాసి వేషం, గృహస్థు వేషం, వర్తకుడి వేషం. వాళ్లు ఒకరికొకరు తెలియకుండా పనిచేయాలి. ముగ్గురి మాటా ఒక్కటైతేనే నమ్మాలి. ఇప్పటి విశ్లేషణ గదుల్లో పెద్ద పెద్ద పేర్లతో చెప్పే సూత్రం ఇదే.

2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ దగ్గర చక్రాల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలలు ఉన్నాయని చెప్పాడు. ఆ మాటకు ప్రధాన ఆధారం జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ ఇంజినీరు, రహస్య పేరు 'కర్వ్‌బాల్'. అతన్ని జర్మన్ నిఘా సంస్థ మాట్లాడించింది. యుద్ధానికి ముందు సి.ఐ.ఎ. తన మనిషిని పంపి అతన్ని స్వయంగా ప్రశ్నించలేదు. అతను చెప్పిందంతా కల్పన. తాను అబద్ధం చెప్పానని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. ఒక్క నోటి మాట మీద ఎన్ని ఇళ్లు కూలాయో చూడండి.

అనుమానం బయటివాడి మీదే కాదు, పక్క టేబుల్ మీద కూడా ఉండాలి. ఇది చెప్పడం నాకూ కష్టమే. ఆల్డ్రిచ్ ఏమ్స్ సి.ఐ.ఎ.లో ఉంటూ 1985 నుంచి సోవియట్‌లకు తన సంస్థ మనుషుల పేర్లు అమ్మాడు. వాళ్లలో చాలామందిని మాస్కో కాల్చేసింది. జీతం చూస్తే మామూలు, కానీ 5,40,000 డాలర్ల ఇల్లు నగదుతో కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చేవాడు. అబద్ధాలు పట్టే యంత్రం మీద 1986లో ఒకసారి, 1991లో ఒకసారి కూర్చోబెడితే రెండుసార్లూ గట్టెక్కాడు. చివరికి అతని సహోద్యోగులు కాగితం మీద గీత గీసి, ఒకవైపు అతను సోవియట్ అధికారితో భోజనం చేసిన తేదీలు, ఇంకోవైపు బ్యాంకులో డబ్బు వేసిన తేదీలు రాశారు. భోజనం అయిన రోజో, ఆ మర్నాడో డిపాజిట్. 1994 ఫిబ్రవరిలో అరెస్టు. మన దగ్గరా 2004లో 'రా' జాయింట్ సెక్రటరీ రవీందర్ సింగ్ నేపాల్ మీదుగా అమెరికాకు జారుకున్నాడు. అప్పటికే అతని మీద నిఘా ఉంది, తన పనికి సంబంధించని కాగితాలు జిరాక్సు తీసుకుంటున్నాడని తెలుసు, అయినా తప్పించుకున్నాడు. అతను సహోద్యోగులను భోజనాలకు పిలిచి మాటల్లో విషయాలు రాబట్టేవాడట. స్నేహితుడు భోజనానికి పిలిస్తే వెళ్లండి. మీ డెస్కు సంగతి అడిగితే మాత్రం విస్తట్లో చెయ్యి కడుక్కుని లేచి వచ్చేయండి.

ఇంకో సలహా ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, చెప్పడానికి ఎక్కువ సేపు పట్టేది కూడా ఇదే. పై అధికారికి నచ్చని మాట రాయండి. రాశాక దాన్ని తీసేయనివ్వకండి.

1999 మే 3న బటాలిక్ ప్రాంతంలో తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ వెళ్లిన తాషీ నంగ్యాల్ అనే పశువుల కాపరి, కొండ మీద తెలియని మనుషులు బండలు తవ్వుతుంటే చూసి సైన్యానికి ఉప్పందించాడు. కార్గిల్ చొరబాటు అలా బయటపడింది. యుద్ధం అయ్యాక కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కార్గిల్ రివ్యూ కమిటీ వేశారు. 1999 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది, 2000 ఫిబ్రవరిలో అది పార్లమెంటు ముందుకొచ్చింది. దేశ భద్రతలో ఇంత పెద్ద వైఫల్యాన్ని దేశం ముందు పెట్టిన నివేదిక మన దగ్గర చాలా అరుదు, అందుకు ఆ నలుగురు సభ్యులకు నేను చేతులెత్తి దండం పెడతాను.

అందులో నన్ను నిద్రపోనివ్వని చోటు ఒకటుంది. 'రా' అప్పట్లో ప్రతి ఆరు నెలలకూ ఒక అసెస్‌మెంట్ రాసేది. 1998 సెప్టెంబర్‌తో ముగిసిన ఆరు నెలల అసెస్‌మెంట్‌లో, పాకిస్తాన్ పరిమితంగా, వేగంగా ఒక దాడి చేసే అవకాశాన్ని కొట్టిపారేయలేమని ఉంది. తర్వాతి అసెస్‌మెంట్, 1999 మార్చిది. అందులో ఆ మాట లేదు. పైగా డబ్బు కరువు వల్ల పాకిస్తాన్ అలాంటి సాహసానికి దిగదన్న ధోరణి ఉంది. మార్చికీ మే మూడుకీ మధ్య ఎన్ని రోజులు? ఆ మాట రాసిన మనిషి ఏ గదిలో కూర్చుని రాశాడో, ఆర్నెల్లు ఏమీ జరగకపోయేసరికి "పాత మాటే మళ్లీ ఎందుకు" అని ఎవరన్నారో మనకు తెలియదు. మన ఇళ్లలోనూ అంతే. "గోడ బీటలు వారుతోంది" అన్న మాట రెండుసార్లు అని, కూలకపోయేసరికి మూడోసారి అనడం మానేస్తాం.

హెచ్చరిక ఇచ్చినా వినని సందర్భం కూడా ఉంది. 1974 చివర్లో కావ్ స్వయంగా ఢాకా వెళ్లి, మీ సైన్యంలోనే కొందరు మీ మీద కుట్ర పన్నుతున్నారని షేక్ ముజిబుర్ రెహమాన్‌కు చెప్పాడు. ముజిబ్ వాళ్లు తన బిడ్డలేనని, తనను ఏమీ చేయరని తేలిగ్గా తీసుకున్నాడు. 1975 ఆగస్టు 15 తెల్లవారుజామున ఆయన్నూ, ఇంట్లో ఉన్న కుటుంబాన్నీ చంపేశారు. దేశంలో లేని ఇద్దరు కూతుళ్లు మిగిలారు. విషయం తెలిసినా ఫలితం లేకపోయింది కదా, ఆ ఉద్యోగం ఎందుకు అని ఒక అమ్మాయి నన్ను క్లాసులో అడిగింది. కావ్ చేయాల్సింది చేశాడు, వెళ్లి మొహం మీద చెప్పాడు, రెండోసారి మనిషిని కూడా పంపాడు అన్నాను. ఆ పిల్లకు ఆ జవాబు సరిపోలేదు. నాకూ సరిపోలేదు. కానీ వినని మనిషి ముందు మళ్లీ చెప్పగలగడం ఈ పనిలో సగం.

గెలిచిన రోజు గట్టిగా నోరు మూసుకోండి. కార్గిల్ యుద్ధం మధ్యలోనే, 1999 మే 26న బీజింగ్‌లో ఉన్న పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్, రావల్పిండిలో ఉన్న తన జనరల్ అజీజ్ ఖాన్‌తో ఫోన్లో మాట్లాడాడు. 'రా' ఆ మాటలు పట్టుకుంది. చొరబడింది ముజాహిదీన్లు కాదు, పాకిస్తాన్ సైన్యమే అని వాళ్ల నోటితో వాళ్లే చెప్పిన సాక్ష్యం. జూన్ 11న ప్రభుత్వం ఆ టేపును ప్రపంచానికి వినిపించింది. దౌత్యంలో లాభం కలిగింది, దాన్ని కాదనను. కానీ ఏ గొట్టం దగ్గర చెవి పెట్టామో కూడా అదే రోజు పాకిస్తాన్‌కు తెలిసిపోయింది. విస్నర్ ఫొటో చూపించి మనకు చేసిన మేలే మనం వాళ్లకు చేశాం. ఆ టేపును మిత్రదేశాల నాయకులకు గదిలో వినిపిస్తే సరిపోయేదన్నది నా అభిప్రాయం. ఈ విషయంలో నాతో విభేదించే మిత్రులు చాలామంది ఉన్నారు, వాళ్లతో ఇప్పటికీ వాదిస్తూనే ఉంటాను.

చివరిగా ఒక సలహా. దీన్ని మీరు ఉద్యోగంలో చేరాక గుర్తు చేసుకుంటే చాలు. మీ మీద ఒక కాపలా కావాలని మీరే అడగండి. 'రా'ను పార్లమెంటు చట్టం చేసి పెట్టలేదు, ప్రభుత్వ ఆదేశంతో పుట్టింది. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ దానికి మినహాయింపు ఇచ్చింది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప. బ్రిటన్‌లో 1994 నుంచి నిఘా సంస్థలను చూసే పార్లమెంటరీ కమిటీ ఉంది, అమెరికా సెనేట్‌లో 1976 నుంచి ఉంది. మనకు లేదు. 2010లో ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, కావ్ పేరున పెట్టిన స్మారకోపన్యాసంలోనే అది కావాలన్నారు. 2011లో మనీశ్ తివారీ ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది ముందుకు పోలేదు. కాపలా ఉంటే చేతులు కట్టేసినట్టు కాదా అని పిల్లలు అడుగుతారు. కాదు. మీరు రాసిన నచ్చని మాటను ఎవరైనా తీసేస్తే, ఎందుకు తీసేశావని అడిగేవాడు ఒకడు ఉంటాడు.

మీరు పంపిన మనిషిని లెక్కలో రాసుకునేవాడు కూడా ఉంటాడు. రాజస్థాన్‌లో రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసే ఒక చిన్న ఉద్యోగి, తనను నిఘా పని మీద పాకిస్తాన్ పంపారని, 1976లో అక్కడ పట్టుబడి పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నానని చెప్పాడు. ఇక్కడేమో చెప్పకుండా డ్యూటీకి రాలేదని అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. తమకేం సంబంధం లేదని ప్రభుత్వం అంది. తిరిగొచ్చాక ముప్పయ్యేళ్లకు పైగా ఆఫీసులూ కోర్టులూ తిరిగాడు. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు పది లక్షలు ఇవ్వమంది. ముందు అయిదు లక్షలన్న కోర్టు, ముసలితనంలో కూతురి మీద ఆధారపడి బతుకుతున్నాడని విని పెంచింది. మీరు ఎప్పుడైనా లోధీ రోడ్డులోని 'రా' కార్యాలయంలో కూర్చుని ఒక మనిషిని సరిహద్దు దాటించే కాగితం మీద సంతకం పెడితే, ముందు అతని ఇంట్లో వాళ్ల పేర్లు రాసుకోండి. జీతం ఎవరికి అందాలో, పిల్లల ఫీజు ఎవరు కట్టాలో రాసుకోండి. ఆ కాగితం మీ తర్వాత వచ్చేవాడికి కనిపించే చోట పెట్టండి.

ఫోల్డర్‌తో వచ్చిన అబ్బాయి వాళ్ల నాన్నను తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. కేసు నడుస్తోంది, డబ్బు ఇంకా రాలేదు. పెద్దాయన ఇప్పుడు బామ్మర్దికి చెప్పాడు, ఇంట్లో చెప్పాడు, ఊళ్లో అడిగినవాళ్లందరికీ చెప్తున్నాడు. అబ్బాయి సివిల్స్‌కే చదువుతున్నాడు. కార్గిల్ నివేదిక ప్రతి ఇచ్చి చదవమన్నాను. రెండు వారాలకు తిరిగొచ్చాడు. భద్రత కారణంగా తొలగించామంటూ చుక్కలు పెట్టిన చోట్లన్నిటికీ పెన్సిల్‌తో గీతలు గీశాడు. మార్చి అసెస్‌మెంట్ గురించి ఉన్న పేరా దగ్గర పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు.

"సార్, ఆ మాట ఎవరు తీసేశారో ఇందులో లేదు."

"లేదు నాన్నా."

"మరి అతన్ని ఎవరైనా అడిగారా?"